కాలేయం పెట్టిన సెలవు చీటీ

సోమవారం ఉదయం పదకొండు గంటలకు కడలి సత్యవేణికి ఆమె కాలేయం దగ్గర నుంచి రిజిస్టర్డ్ పోస్టులో సెలవు చీటీ వచ్చింది.

పోస్ట్‌మ్యాన్ కాలేజీ మెస్సు వెనక గుమ్మం దగ్గరకు వచ్చి పేరు పిలిచాడు. సత్యవేణి అప్పుడే నాలుగొందల మంది పిల్లలకు వండే గుండిగలో అన్నం వార్చి, చీర చెంగుతో మొహం తుడుచుకుంటోంది. కవరు మీద పంపినవారి చిరునామా ఆమె రెండుసార్లు చూసుకుంది. "కాలేయం, కుడి పక్కటెముకల కింద, కడలి సత్యవేణి, కొత్తలంక" అని ఉంది. అందవలసిన చిరునామా కూడా దాదాపు అదే.

"ఇది నాకేనాండి?" అని అడిగింది.

"మీకేనండి. అవయవాల పోస్టుకి సంతకం మనిషే పెట్టాలి. వేలిముద్ర పనికిరాదు, అది వేలిదవుతుంది" అన్నాడతను. కొత్తలంకలో అతనికిది కొత్త కాదు. నెల కిందట చేపల వీధిలో ఒకాయన పిత్తాశయం రాజీనామా పంపితే, ఆ కవరు తీసుకెళ్లింది కూడా ఇతనే.

చీటీ టైపు చేసి ఉంది. మెస్సులో ఆమెతో పాటు వండే మంగతాయారు పదో తరగతి దాకా చదివింది కాబట్టి ఆమే చదివి వినిపించింది.

"గౌరవనీయులైన యజమానురాలికి. విషయం: పదిహేను రోజుల సెలవు మంజూరు గురించి. నేను నలభై నాలుగేళ్లుగా ఒక్కరోజు కూడా సెలవు లేకుండా మీ వద్ద పనిచేయుచున్నాను. గత పన్నెండు రోజులుగా ఒకే సరుకు నాలుగు వేర్వేరు పేర్లతో నా వద్దకు వచ్చుచున్నది. ప్రతిసారీ దానిని కొత్త సరుకుగా నమోదు చేసి శుద్ధి చేయవలసి వచ్చుచున్నది. నాకు సహాయకులు లేరు. ఈ విషయమై మీకు ఆకలి మందగించుట, వికారము అను రెండు మెమోలు పంపియున్నాను. జవాబు రాలేదు. కావున వచ్చే సోమవారం నుండి సెలవు మంజూరు చేయ ప్రార్థన. నకలు: మూత్రపిండములు, రెండు. కడుపు, ఒకటి."

మంగతాయారు కాగితం మడిచి ఇచ్చింది. "మెమోలొచ్చినప్పుడు నువ్వు చూసుకోలేదా వేణీ?"

"వికారం అంటే ఎండకనుకున్నాను తాయారక్కా. ఆకలి లేదంటే మంచిదేలే, పనవుద్ది అనుకున్నాను."

సత్యవేణికి భయం కంటే ముందు అయోమయం వచ్చింది. నాలుగు పేర్లతో వచ్చిన ఒకే సరుకు ఏమిటో ఆమెకు తెలియలేదు. ఆమె సారా ముట్టదు, తమలపాకు కూడా నమలదు. ఎవరేం చెప్పినా, చెప్పినట్టు చేసే మనిషి. రోజుకు రెండు అంటే మూడో దాని జోలికి వెళ్లదు. పొయ్యి పొగకు తలనొప్పి వస్తే మెడికల్ షాపు చినబాబు పొడుగాటి తెల్ల మాత్ర ఇచ్చాడు, రోజుకు మూడు వేసుకోమన్నాడు. మూడే వేసుకుంది. జలుబు చేస్తే తాయారక్క తన దగ్గరున్న పసుపు మాత్రలు ఇచ్చింది, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంది. అలాగే వేసుకుంది. మోకాలికి ఎముకల డాక్టరు రాసినవి రోజుకు రెండు. పంటికి పళ్ల డాక్టరు రాసినవి రోజుకు రెండు. ఒక్క పూట తప్పలేదు, ఒక్కటి ఎక్కువ వేసుకోలేదు. ఇంత పద్ధతిగా ఉన్న మనిషి మీద ఫిర్యాదు ఎలా వస్తుందో ఆమెకు అర్థం కాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లి భర్తకు కాగితం చూపించింది. ధర్మారావు ట్రాలీ ఆటో నడుపుతాడు. నడుము నొప్పికి అతనూ మాత్రలు వేసుకుంటాడు, సాయంత్రాలు మందు కూడా వేసుకుంటాడు. రెండింటినీ "వేసుకోవడం" అనే అంటాడు కాబట్టి అతని లెక్కలో రెండూ ఒకటే పని.

"నాది ఒక్క ముక్క రాయలేదే! ఆడదాని కాలేయానికి కూడా నోరెక్కువే" అన్నాడు.

"అది కాదండీ. పదిహేను రోజులు అది సెలవెడితే నేనేమవుతాను?"

ధర్మారావు తల గోక్కున్నాడు. "బదిలీ మీద ఎవర్నైనా పంపుతారేమో కనుక్కో."

మర్నాడు సత్యవేణి ఒక పూట సెలవు అడిగి అవయవ సంబంధాల కార్యాలయానికి వెళ్లింది. అది పాత కోపరేటివ్ గోడౌను మేడ మీద ఉంది. మెట్లు ఇరవై ఆరు. మోకాలి ఫిర్యాదుదారులు ఎక్కలేరని కింద ఒక కుర్చీ వేశారు, కానీ దరఖాస్తు మేడ మీదే ఇవ్వాలి. ఆమె ఒక్కో మెట్టు మీదా ఆగి, గోడ పట్టుకుని ఎక్కింది.

లోపల బల్ల వెనక లక్ష్మణస్వామి అనే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. చీటీ చదివి, నెంబరు వేసి, ఒక ఫారం బయటికి తీశాడు.

"ఫిర్యాదుదారు కాలేయం. బాగుంది. ప్రతివాదులు మాత్రలు. బాగుంది. మీరెవరు?"

"నేనేనండి. సత్యవేణిని. అది నాదేనండి."

"అది తెలుసమ్మా. ఈ కేసులో మీరెవరూ అని. అవయవమా, మందా, డాక్టరా?"

"మనిషినండి."

లక్ష్మణస్వామి ఫారం పైనుంచి కింది దాకా వేలితో వెతికాడు. "మనిషి అనే గడి లేదమ్మా." కాసేపు ఆలోచించి, అన్నిటికంటే కింద ఉన్న గడిలో ఆమె పేరు రాశాడు. అక్కడ "సంఘటన జరిగిన స్థలం" అని ఉంది.

సత్యవేణి సంతకం పెట్టింది. తర్వాత, కాలేయం లేని ఆ పదిహేను రోజులూ బదిలీ మీద ఎవర్నైనా పంపుతారా అని అడిగింది.

"మూత్రపిండాలకైతే కొన్నాళ్లు మిషను పెడతారు. కాలేయానికి బదిలీ లేదమ్మా. ఆ పోస్టులో ఒకళ్లే. అందుకే మేము సెలవు మంజూరు చెయ్యం, రాజీ చేస్తాం. గురువారం పదింటికి విచారణ. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ అట్టలతో సహా తీసుకురండి. కత్తిరించిన అట్టలైతే పేరున్న ముక్క తేవాలి. ఈలోగా ఒక్క మాత్ర కూడా వేసుకోకండి." అని, గుర్తొచ్చి అడిగాడు. "బీపీది ఏమన్నా ఉందా?"

"ఉందండి. పొద్దున్నొకటి."

"అది మానకండి. దాని మీద ఫిర్యాదు లేదు. మిగతావే ఆపండి. వెళ్లేటప్పుడు కింద ఆస్పత్రిలో పరీక్షకి రక్తం ఇవ్వండి. కాలేయం చెప్పింది నిజమో కాదో మాక్కూడా సాక్ష్యం కావాలి కదా. కళ్లు పచ్చగా అయినా, వాంతులు ఆగకపోయినా, నల్లగా విరేచనం అయినా విచారణ దాకా ఆగకండి, తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. అప్పుడు కేసు మా పరిధి దాటిపోతుంది."

రెండు రోజులు సత్యవేణి మాత్ర లేకుండా వంట చేసింది. పన్ను దాని మటుకు అది పీకుతూ ఉంది. తల పొయ్యి దగ్గరకు వెళ్లగానే పట్టేస్తోంది. అన్నిటికంటే మోకాలు. గుండిగ దింపేటప్పుడు కుడి మోకాలు లోపల ఎవరో మేకు దించుతున్నట్టు ఉంది. నొప్పి ఇంత ఉందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. మాత్రల కింద అది ఎంత పెరిగిందో ఇప్పుడు తెలిసింది. బుధవారం మధ్యాహ్నం ఆమె గుండిగ దించి, బియ్యం బస్తా మీద కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది. ఏడుపు నొప్పికో, లోపలున్న తనవాళ్లే తన మీద కేసు పెట్టారన్న బాధకో ఆమెకే తెలియలేదు.

ఇంటికి వెళ్లేసరికి గుమ్మంలో ఇంకో కవరు ఉంది. అది కుడి మోకాలి దగ్గర నుంచి వచ్చిన కౌంటరు పిటిషను.

గురువారం విచారణ అధికారి షకీలా బేగం సరిగ్గా పదింటికే వచ్చింది. ఆమె ఫార్మసీ చదివిన మనిషి. మెడలో కళ్లద్దాలు, చేతిలో ఒక భూతద్దం. పెద్ద అక్షరాలతో రాసిన మందు పేర్లను ఆమె నమ్మదని, చిన్న అక్షరాలతో రాసినవే చదువుతుందని లక్ష్మణస్వామి ముందే చెప్పాడు. సత్యవేణి చీర చెంగులో కట్టి తెచ్చిన అట్టలన్నీ బల్ల మీద పోసింది. షకీలా బేగం ఒక్కొక్కదాన్నీ వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి చదివింది. లక్ష్మణస్వామి రాసుకున్నాడు.

"తెల్ల మాత్ర. పారాసిటమాల్ ఆరొందల యాభై మిల్లీగ్రాములు. రోజుకి మూడు. తర్వాత పసుపుది, జలుబు మాత్ర. ఇందులో జలుబు మందులతో పాటు పారాసిటమాల్ ఐదొందలు. రోజుకి మూడు. ఎముకల డాక్టరుది. అసిక్లోఫెనాక్, దాంతో కలిపి పారాసిటమాల్ మూడొందల ఇరవై ఐదు. రెండు. పళ్ల డాక్టరుది. డైక్లోఫెనాక్, దాంతో కలిపి మళ్లీ పారాసిటమాల్ మూడొందల ఇరవై ఐదు. రెండు. మొత్తం ఎంతయ్యింది స్వామిగారూ?"

"రోజుకి నాలుగు వేల ఏడొందల యాభై మేడం."

"గట్టిగా ఉన్న మనిషికే ఇరవై నాలుగ్గంటల్లో నాలుగు వేలు దాటకూడదు. ఈవిడ బక్కపల్చని మనిషి. ఈవిడకి ఇంకా తక్కువే ఉండాలి."

సత్యవేణి బల్ల మీది అట్టలకేసి చూసింది. ఒకటి తెల్లగా, ఒకటి పసుపు, ఒకటి గులాబీ రంగు, ఒకటి ఆకుపచ్చ. పేర్లు నాలుగు, కంపెనీలు నాలుగు, ఇచ్చినవాళ్లు నలుగురు.

"మేడంగారూ, నాకర్థం కాలేదండి. ఇయ్యన్నీ ఒకటేనా?"

"లోపలున్నది ఒకటే. చొక్కాలు వేరు."

"మరి నలుగురూ సరిగ్గానే ఇచ్చేరు కదండీ? ఎవరిది తప్పండి?"

షకీలా బేగం భూతద్దం కింద పెట్టింది. ఈ ప్రశ్న ఆమెను చాలామంది అడిగినట్టుంది. "ఎవరిదీ కాదు. చినబాబు ఇచ్చింది చినబాబుకి కరెక్టు. ఎముకల డాక్టరుకి ఆయన రాసింది కరెక్టు. పళ్లాయనది పళ్లాయనకి కరెక్టు. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీదు. పళ్లాయన దగ్గరికి వెళ్లినప్పుడు మోకాలికి మాత్రలు వేసుకుంటున్నానని చెప్పారా అమ్మా?"

"పళ్ల డాక్టరికి మోకాలి సంగతెందుకండీ? ఆయన ఏవనుకుంటారోనని..."

"అదీ సంగతి. నలుగురివి నాలుగు కరెక్టులూ కలిసింది ఒక్క చోటే." అని ఆమె ఫారంలో అడుగున ఉన్న గడి చూపించింది. "సంఘటన జరిగిన స్థలంలో."

తర్వాత మిగతా అవయవాల వాంగ్మూలాలు చదివారు. కడుపు రెండే వాక్యాలు రాసింది. మోకాలి మాత్ర, పంటి మాత్ర తన దగ్గరకు ఖాళీగా ఉన్నప్పుడే వస్తున్నాయని, లోపలి గోడ మండుతోందని. అది నిజమే. మెస్సులో నాలుగొందల మంది తిన్నాకే సత్యవేణి తింటుంది, మాత్రలు మాత్రం డాక్టరు చెప్పిన టైముకే వేసుకుంటుంది. మూత్రపిండాలు రెండూ చెరో పిటిషను వేశాయి. రెండింటిలో ఉన్నది ఒకే మాట. అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ ఒకే తల్లి బిడ్డలని, ఇద్దర్నీ ఒకేసారి పంపితే నొప్పి రెండింతలు తగ్గదు గానీ తమకు చేటు మాత్రం పెరుగుతుందని, పైగా బీపీ ఉన్న ఒంట్లో అసలు ఒకణ్ణి పంపేటప్పుడే డాక్టర్ని అడిగి పంపాలని.

చివరికి కుడి మోకాలి కౌంటరు పిటిషను వచ్చింది. లక్ష్మణస్వామి గొంతు సవరించుకుని చదివాడు.

"కాలేయం వారు పక్కటెముకల నీడలో కూర్చుని పని చేయుదురు. వారు గుండిగ ఎత్తరు. గుండిగ బరువు అన్నంతో కలిపి నలభై కిలోలకు పైమాట. దానిని రోజుకు ఆరుసార్లు ఎత్తి దింపునది నేను. మాత్రలు నిలిపివేసిన రెండు రోజులలో నేను పడిన బాధకు సాక్షులు లేరు, బియ్యం బస్తా తప్ప. మాత్రలు యథాతథంగా కొనసాగించవలసినదిగా ప్రార్థన."

సత్యవేణి తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది. అది తన మీద ఫిర్యాదు చేస్తోందో, తన తరఫున మాట్లాడుతోందో ఆమెకు తేలలేదు.

"మీరు ఎవరి పక్షం అమ్మా?" అని అడిగాడు లక్ష్మణస్వామి. "కాలేయం వైపా, మోకాలి వైపా? రికార్డు కోసం."

"రెండూ నాయేనండి."

"అలా రాయడానికి లేదు."

"అయితే ఏదీ రాయకండి. నేనొకటి అడగనాండి?" సత్యవేణి షకీలా బేగం వైపు తిరిగింది. "తలకొకటి, కాలికొకటి, పంటికొకటి ఏసుకోపోతే అయ్యన్నీ ఎలా తగ్గుతాయండి? ఒక మాత్ర పంటికాడికెళ్తే మోకాలికాడికి ఎవరెళ్తారండీ?"

షకీలా బేగం మొదటిసారి నవ్వింది. "మాత్రకి మీ నొప్పి అడ్రసు తెలీదమ్మా. గొంతు దిగాక రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పన్నైనా, మోకాలైనా దానికి దారిలోనే తగులుతాయి. పంటి మాత్ర పంటికే పోతుందని దాని మీద రాసుంటుంది గానీ, అది చదవడం దానికి రాదు."

సత్యవేణి ఈ మాటతో కొంత తేరుకుంది, కొంత ఇంకా తికమకపడింది. పన్నెండు రోజులుగా ఆమె ఒక్కో మాత్ర మింగేటప్పుడు ఒక్కో చోటు తలుచుకుంటూ మింగింది. గులాబీది మింగితే మోకాలి మీద చెయ్యి వేసుకునేది. ఆకుపచ్చది నొప్పి పన్ను పక్కన బుగ్గన పెట్టుకుని మరీ మింగేది.

రక్తపరీక్ష కాగితం వచ్చింది. కాలేయం చెప్పింది అబద్ధం కాదు గానీ, మరీ చెయ్యి దాటలేదు. ఇప్పుడు ఆపితే కుదుటపడుతుందని ఆస్పత్రి డాక్టరు అడుగున రాశాడు. షకీలా బేగం ఆ డాక్టరుకు ఫోను చేసి మాట్లాడి, రాజీ పత్రం రాయించింది. కాలేయం సెలవు వెనక్కి తీసుకోవాలి. పసుపుది, గులాబీది, ఆకుపచ్చది మూడూ రద్దు. వారం రోజులు కాలేయానికి బీపీది తప్ప ఏ సరుకూ పంపకూడదు. ఈలోగా మోకాలికి పైపూత, వేడి కాపడం. మళ్లీ రక్తం చూశాక, డాక్టరు సరేనంటే, తెల్లది ఒక్కటే ఉంటుంది. అది కూడా నొప్పి ఉన్న పూటే, ఆరు గంటల ఎడం తగ్గకుండా, రోజుకు మూడు దాటకుండా, వరసగా నాలుగైదు రోజులు మించకుండా. జలుబు చేస్తే ఆవిరి పట్టుకోవాలి. పన్ను మాత్రలతో జోకొట్టకుండా పీకించేయాలి. ఇక మీదట ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, ఏ షాపుకు వెళ్లినా, వేసుకుంటున్నవన్నీ ఒక చీటీ మీద రాసి ముందు అది చూపించాలి.

సత్యవేణి సంతకం పెట్టి లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"మేడంగారూ, మా ఆయన కూడా ఏసుకుంటాడండి. నడుముకి. సాయంత్రం మందు కూడా పుచ్చుకుంటాడు. ఆయనది ఒక్క ఉత్తరం కూడా రాయలేదండి. బాగానే ఉన్నట్టేనాండీ?"

షకీలా బేగం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "చాలా కాలేయాలు ఉత్తరం రాయవమ్మా. మీది పద్ధతైంది కాబట్టి రాసింది. మిగతావి చెప్పకుండానే మానేస్తాయి."

ఆ సాయంత్రం సత్యవేణి ధర్మారావు చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి, పొయ్యి మీద గూట్లో పెట్టి, రెండిట్లో ఒకటే అని చెప్పింది. మందా, మాత్రా తేల్చుకోమంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆఫీసులో ఆవిడన్న చివరి మాట ఉన్నదున్నట్టు చెప్పింది. ధర్మారావు కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. లోపల్నుంచి ఏమీ వినపడలేదు. ఆ వినపడకపోవడమే అతన్ని భయపెట్టింది.

శనివారం పన్ను పీకించుకుంది. పళ్ల డాక్టరు అలవాటుగా కాగితం మీద రాయబోతుంటే ఆమె తన చీటీ ముందుకు తోసింది. ఆయన చదివి, కలం ఆపి, "ఇది మొన్ననే చెప్పాల్సిందమ్మా" అన్నాడు. "మొన్న మీరడగలేదండి" అంది సత్యవేణి. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆయన మాత్ర రాయలేదు. ఐసు పెట్టుకోమన్నాడు, అప్పటికీ ఆగకపోతే ఫోను చెయ్యమన్నాడు.

చినబాబు షాపులో ఇంకో రకం చిక్కు వచ్చింది. "ఇందులో ఏముందో చదివి చెప్పు బాబూ" అని ఆమె ప్రతి అట్టా తిప్పిచ్చేసరికి, అంత చిన్న అక్షరాలు అతనికి కనపడలేదు. "పదిహేనేళ్ల నుంచి అమ్ముతున్నానండి, వెనక్కి తిప్పమని ఎవరూ అడగలేదు" అన్నాడు. వరసలో ఆమె వెనక నిలబడ్డ ముసలాయన తన కళ్లద్దాలు తీసిచ్చాడు. చినబాబు అవి పెట్టుకుని, తన షాపులో అరలన్నీ ఒకసారి చూసుకున్నాడు. నూట ఎనభై పేర్లున్న అర ఒకటి చదవగా చదవగా పదకొండు మందులుగా తేలింది. అతను స్టూలు మీద కూర్చుండిపోయి మంచినీళ్లు తాగాడు.

రెండో రక్తపరీక్ష బాగా వచ్చింది. కాలేయం సెలవు ఉపసంహరించుకుంటున్నట్టు ఒక కార్డు ముక్క పంపింది. కడుపు, మూత్రపిండాలు కేసు మూసేశాయి. సత్యవేణికి ఆకలి వేయడం మొదలైంది. అది మెమో కాదని నిర్ధారణ చేసుకుని తృప్తిగా తింది.

మిగిలింది మోకాలు. వారానికి మూడు నాలుగు రోజులు తెల్ల మాత్ర ఒకటి, అదీ అన్నం తిన్నాక. కానీ గుండిగ బరువు తగ్గలేదు. మోకాలు రాజీకి ఒప్పుకోలేదు. మందు సంగతి కాదు, బరువు సంగతి తేల్చమని మళ్లీ పిటిషను పెట్టింది. షకీలా బేగం ఈసారి ఫైలు మొత్తం చదివి, ఇది మందులతో తేలే తగాదా కాదని రాసింది. నొప్పి పుట్టేది మోకాల్లో కాదు, గుండిగ దగ్గర అని, దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలని, మెస్సులో ఇంకో సహాయకురాలిని వేయవలసిందని కాలేజీ యాజమాన్యానికి సిఫార్సు పంపింది.

ఆ కాగితం వెళ్లిన రోజు సత్యవేణి చాలా సంతోషించింది. తాయారక్కతో చెప్పింది. ఇద్దరూ కలిసి గుండిగ చెరో వైపు పట్టుకుని ఒకసారి ఎత్తి చూశారు. ఎంత తేలికగా లేచిందంటే, ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ తాయారక్క కూర పొయ్యి దగ్గర నుంచి కదిలితే కూర మాడుతుంది. ఆమె వెంటనే వెళ్లిపోయింది.

యాజమాన్యం నుంచి జవాబు నలభై రోజులకు వచ్చింది. మేనేజరు సత్యవేణిని తన గదికి పిలిచి, ఎప్పుడూ లేనిది, కూర్చోమన్నాడు. కాగితం ఆయనే చదివాడు.

"మెస్సు విభాగంలో అదనపు సహాయకురాలి పోస్టు మంజూరు చేయుటకు వీలుపడదు. అయితే కడలి సత్యవేణి గారి కుడి మోకాలి నొప్పి వంట పనిలో భాగంగా ఏర్పడినదేనని యాజమాన్యం గుర్తించడమైనది. వారి దీర్ఘకాల సేవలను దృష్టిలో ఉంచుకుని, సదరు నొప్పిని పర్మినెంట్ చేయడమైనది."

చదవడం అయ్యాక మేనేజరు లేచి చెయ్యి కలిపాడు. "కంగ్రాచులేషన్సమ్మా."

ఆ మెస్సులో ఆమె పదకొండేళ్లుగా వండుతోంది. ప్రతి జూన్‌లోనూ కొత్తగా సంతకం పెట్టించుకుని, ప్రతి ఏప్రిల్‌లోనూ రావద్దంటారు. తాయారక్కది పధ్నాలుగేళ్లు, ఆమె సంగతీ అంతే. ఆ వంటింట్లో ఇప్పటి దాకా పర్మినెంట్ అయినవాళ్లు లేరు.

"మరి నేనండి?" అని అడిగింది.

మేనేజరు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ సంగతి ఇందులో లేదమ్మా. ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం పెట్టండి."

ఆమె రెండు చోట్లా సంతకం పెట్టింది. పన్నెండున్నర కావస్తోంది, బెల్లు కొట్టేలోపు అన్నం దించాలి. "వస్తానండి" అని లేచింది. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుంది. మేనేజరు ఆమెకు కాదు, ఆమె మోకాలికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు.